ఫిల్మ్ ఫోటోగ్రఫీ: 21వ శతాబ్దపు పునరుద్ధరణ

నిర్వచనం, పరిధి

వెండి లవణాలు పూసిన పారదర్శకమైన పట్టీ మీద కాంతి పడనిచ్చి, దాన్ని రసాయనాలతో కడిగి బొమ్మను బయటికి తెచ్చే పద్ధతిని ఫిల్మ్ ఫోటోగ్రఫీ అంటారు. అనలాగ్ ఫోటోగ్రఫీ అన్నా, వాడుకలో రీలు కెమెరా అన్నా ఇదే. 2000 తరవాత పదేళ్లు తిరక్కముందే డిజిటల్ కెమెరాలు దీని స్థానాన్ని ఆక్రమించాయి. సుమారు 2015 నుంచి మళ్లీ గిరాకీ మొదలైంది. కొత్త కెమెరాలు, కొత్త ఫిల్ములు మార్కెట్లోకి వస్తున్నాయి. ఈ వ్యాసం ప్రధానంగా ఆ పునరుద్ధరణ గురించి; పూర్వ చరిత్ర అందుకు అవసరమైనంత మేరకే ఉంది. (చూ. డిజిటల్ కెమెరా, సినిమాటోగ్రఫీ.)

పూర్వ చరిత్ర

1839లో ఫ్రాన్స్‌లో ప్రకటించిన డాగెరోటైప్‌లో బొమ్మ వెండి పూత పూసిన రాగి రేకు మీద నిలిచేది. దానికి నకలు తీసే వీలు లేదు. ఇంగ్లండులో విలియం హెన్రీ ఫాక్స్ టాల్‌బట్ 1841లో పేటెంటు పొందిన కాలోటైప్‌తో ఒక నెగటివ్ నుంచి ఎన్ని ప్రతులైనా వేసుకోవడం సాధ్యమైంది. 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ తడి కొలోడియన్ గాజుపలకలను, 1871లో రిచర్డ్ లీచ్ మాడక్స్ జెలటిన్ పొడి పలకలను వివరించారు. నేటి ఫిల్ము పూతకు మూలం మాడక్స్ పద్ధతే.

జార్జ్ ఈస్ట్‌మన్ 1888లో విడుదల చేసిన కొడాక్ కెమెరాలో 100 ఫోటోలకు సరిపడే చుట్ట ఉండేది. అది అయిపోయాక కొన్నవారు కెమెరాను యథాతథంగా కంపెనీకి పంపితే, ఫోటోలు ప్రింటు వేసి, కొత్త చుట్ట ఎక్కించి తిప్పి పంపేవారు. ఫోటో తీసేవాడు ఒకడు, కడిగేవాడు మరొకడు అన్న పని విభజన అక్కడే మొదలైంది. 120 సైజు రోల్ ఫిల్ము 1901లో, లైకా కెమెరా 1925లో, నేడు అందరూ ఎరిగిన 35 ఎం.ఎం. డబ్బా 1934లో, కొడాక్రోమ్ 1935లో వచ్చాయి. కలర్ నెగటివ్‌లు కడిగే సి-41 పద్ధతి 1972 నాటిది. ప్రపంచంలో ఏ ల్యాబుకు వెళ్లినా నేటికీ అదే పద్ధతి.

పనిచేసే తీరు

ఫిల్ములో ఆధారంగా ఉండే పట్టీ అసిటేట్‌తోగాని పాలియెస్టర్‌తోగాని చేసినది. దానిపై జెలటిన్‌లో కలిపిన సిల్వర్ హాలైడ్ స్ఫటికాల పూత ఉంటుంది. కాంతి తగిలిన స్ఫటికంలో కొద్దిపాటి వెండి పరమాణువులు ఒకచోట చేరతాయి. నాలుగైదు చేరితే చాలు, డెవలపర్ ఆ స్ఫటికాన్ని గుర్తుపట్టి మొత్తం వెండిగా మార్చేస్తుంది. కడగకముందు ఈ బొమ్మ కంటికి కనపడదు. దీన్నే గుప్తబింబం అంటారు. కాంతి తగలని స్ఫటికాలను హైపో, అంటే సోడియం థయోసల్ఫేట్, కరిగించి తీసేస్తుంది.

నలుపు తెలుపు ఫిల్మును ఇంట్లోనే కడుక్కోవచ్చు. చేతులు దూర్చే నల్ల సంచిలో రీలు డబ్బా మూత ఊడదీసి, ఫిల్మును తడుముకుంటూ ప్లాస్టిక్ చక్రానికి ఎక్కించి, వెలుతురు చొరబడని చిన్న ట్యాంకులో పెట్టి బిగిస్తారు. ఆ తరవాతి పనంతా వెలుతురులోనే. 1927 నాటి డి-76 వంటి డెవలపర్‌ను 20 డిగ్రీల దగ్గర పోసి, నిమిషానికోసారి ట్యాంకును తలకిందులు చేస్తుంటారు. ఫిల్మును బట్టి ఆరు నుంచి పది నిమిషాల వరకు పడుతుంది. తరవాత స్టాప్ బాత్, హైపో, నీళ్లు. చక్రానికి ఎక్కించేటప్పుడు ఫిల్ము ముడత పడితే ఆ చోట అర్ధచంద్రాకారపు మచ్చ మిగులుతుంది. కొత్తగా నేర్చుకునేవారి నెగటివ్‌ల మీద అది తరచు కనపడుతుంది.

కలర్ ఫిల్ములో నీలం, ఆకుపచ్చ, ఎరుపు కాంతులకు స్పందించే పొరలు వేర్వేరుగా ఉంటాయి. డెవలపర్ వెండి లవణాలతో చర్య జరిపిన చోట ఆయా పొరల్లో పసుపు, మెజెంటా, సయాన్ రంగులు పుడతాయి. వెండిని పూర్తిగా తొలగించాక ఆ రంగులే మిగులుతాయి. సి-41లో డెవలపర్ 37.8 డిగ్రీల దగ్గర 3 నిమిషాల 15 సెకన్లు ఉండాలి. డిగ్రీలో నాలుగో వంతు తేడా వచ్చినా రంగుల పొందిక మారే ప్రమాదం ఉంది. అందుకే ఇంట్లో కలర్ కడిగేవారు తక్కువ.

రకాలు

ఫిల్మును సైజును బట్టి, బొమ్మ స్వభావాన్ని బట్టి వర్గీకరిస్తారు. 35 ఎం.ఎం.లో ఒక్కో ఫ్రేము 24×36 మిల్లీమీటర్లు. రోలుకు 36 ఫోటోలు. అదే ఫిల్ముపై సగం సైజు ఫ్రేములు తీసే హాఫ్ ఫ్రేమ్ కెమెరాల్లో 72 వస్తాయి. 120 సైజులో 6×6 సెంటీమీటర్ల చదరపు ఫోటోలు 12. 4×5 అంగుళాలు, అంతకు మించినవి విడివిడి షీట్లుగా దొరుకుతాయి. బొమ్మ స్వభావం ప్రకారం నలుపు తెలుపు నెగటివ్, కలర్ నెగటివ్, ఇ-6 పద్ధతిలో కడిగే స్లైడు ఫిల్ము, అక్కడికక్కడే బొమ్మ వచ్చే ఇన్‌స్టంట్ ఫిల్ము అన్నవి నాలుగు ప్రధాన రకాలు.

పతనం: 2004–2013

మొదటి డిజిటల్ కెమెరా నమూనాను 1975లో కొడాక్ ఇంజనీరు స్టీవెన్ సాసన్ తయారు చేశారు. ఆ కంపెనీని పడగొట్టింది ఆ సాంకేతికతే. కానీ మొదట కూలినవి ఇతర కంపెనీలు. ఇల్ఫోర్డ్ 2004లో దివాలా అంచుకు వెళ్లగా, ఉద్యోగులు కొందరు మరుసటి ఏడాది హార్మన్ టెక్నాలజీ పేరిట నిలబెట్టారు. 2005లో ఆగ్ఫాఫోటో దివాలా తీసింది. 2006లో కోనికా మినోల్టా ఫోటో వ్యాపారం నుంచే తప్పుకుంది. 2008లో పోలరాయిడ్ ఇన్‌స్టంట్ ఫిల్ము తయారీ ఆపింది. 2009లో కొడాక్రోమ్ ఆగింది. కడగడం మహా క్లిష్టమైన ఈ ఫిల్మును అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో పార్సన్స్ అనే చిన్న ఊరి ల్యాబు చివరివరకూ కడిగింది. కర్మాగారం నుంచి వచ్చిన ఆఖరి రోలును ఫోటోగ్రాఫర్ స్టీవ్ మెక్‌కర్రీకి ఇచ్చారు. ఆయన అందులో కొంత భాగాన్ని భారతదేశంలో తీశారు. 2012 జనవరిలో ఈస్ట్‌మన్ కొడాక్ దివాలా రక్షణ కోరింది. 2013లో ఫ్యూజీఫిల్మ్ సినిమా షూటింగ్ ఫిల్మును ఆపేసింది.

2013లో కొడాక్ దివాలా నుంచి బయటపడ్డప్పుడు జరిగిన ఒక ఏర్పాటు తరవాతి కథనంతా ప్రభావితం చేసింది. ఫిల్ము తయారీ అమెరికాలోని రోచెస్టర్‌లో ఉన్న ఈస్ట్‌మన్ కొడాక్ దగ్గరే ఉండిపోయింది. ఫోటో ఫిల్మును అమ్మే హక్కు మాత్రం బ్రిటన్‌లోని కొడాక్ ఉద్యోగుల పెన్షన్ నిధి స్థాపించిన కొడాక్ అలారిస్ చేతికి వెళ్లింది. పోర్ట్రా, ఎక్టార్, గోల్డ్, ట్రై-ఎక్స్ వంటి కొడాక్ ఫిల్ములను తయారుచేసేది ఒకరు, అమ్మేది మరొకరు అయ్యారు.

తయారీ: అసలు ఇరుకు ఎక్కడ

పాత కెమెరాలు ప్రపంచంలో లెక్కలేనన్ని ఉన్నాయి. లోపలి యంత్రభాగాలు బాగుచేస్తే ఇంకో యాభై ఏళ్లు పనిచేసేవి వాటిలో చాలా ఉన్నాయి. ల్యాబు పెట్టడం కష్టమే అయినా అసాధ్యం కాదు. ఇరుకు ఫిల్ము పూతలో ఉంది. మీటరుకు పైగా వెడల్పుండే పట్టీ మీద పన్నెండుకు మించిన పొరలను, ఒక్కొక్కటి మిల్లీమీటరులో వందో వంతుకన్నా పలుచగా, కటిక చీకట్లో, ఒకే వేగంతో పూయాలి. ఆ యంత్రాలు భారీ ఉత్పత్తి కోసం కట్టినవి. వాటిని రోజుకు కొద్ది గంటలు నడిపితే ఖర్చు రాదు, ఎక్కువ నడిపితే సరుకు మిగిలిపోతుంది. కొత్తగా అలాంటి కర్మాగారం కట్టే పెట్టుబడిదారు దాదాపు లేడు.

కలర్ నెగటివ్‌ను పెద్ద ఎత్తున పూయగలిగిన కర్మాగారాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. రోచెస్టర్‌లోని కొడాక్ వాటిలో ప్రధానమైనది. 2021, 2022 సంవత్సరాల్లో గిరాకీ ఒక్కసారిగా పెరిగి కలర్ ఫిల్ము దుకాణాల్లో కరువైంది, ధరలు పలుమార్లు పెరిగాయి. కొడాక్ కొత్త కార్మికులను చేర్చుకుంది. 2024 నవంబరులో యంత్రాల ఆధునికీకరణ కోసం ఫిల్ము ఉత్పత్తిని కొద్దికాలం నిలిపివేసింది. అదే ఏడాది కొడాక్ అలారిస్‌ను కింగ్స్‌వుడ్ కాపిటల్ అనే అమెరికన్ పెట్టుబడి సంస్థ కొన్నది. 2025 ఆగస్టులో ఈస్ట్‌మన్ కొడాక్ తన అప్పుల గడువుల దృష్ట్యా కంపెనీ కొనసాగింపుపై సందేహాలున్నట్లు ఆర్థిక నివేదికలో పేర్కొంది. పెన్షన్ పథకం మిగులు సొమ్ముతో అప్పు తీర్చే ప్రణాళిక ఉందని కూడా చెప్పింది. ఆ వార్త విని కొడాక్ మూతపడుతోందని ప్రచారం జరిగింది. రెండు నెలలైనా కాకముందే అక్టోబరులో కొడాక్ తన సొంత అమ్మకంగా కొడాకలర్ 100, కొడాకలర్ 200 ఫిల్ములను విడుదల చేసింది. పదేళ్లకు పైగా అలారిస్ ద్వారానే అమ్మిన కంపెనీ మళ్లీ నేరుగా పంపిణీదారులకు అమ్మడం ఇందులో అసలు విశేషం.

కొత్త ఫిల్ములు

ఏటా డజన్ల కొద్దీ కొత్త ఫిల్ముల ప్రకటనలు వస్తుంటాయి. వాటిని మూడు తరగతులుగా విడదీసి చూడాలి: నిజంగా కొత్త ఫార్ములాతో పూసినవి, ఆగిపోయిన పాత ఫార్ములాను తిరిగి తెచ్చినవి, వేరొకరి ఫిల్ముకు కొత్త పెట్టె వేసినవి. సంఖ్యలో మూడో తరగతే ఎక్కువ. ఉదాహరణకు ఫ్యూజీఫిల్మ్ పేరుతో అమ్ముడుపోయే కొన్ని కలర్ నెగటివ్ ఫిల్ముల పెట్టెల మీద ఇటీవల అమెరికాలో తయారైనట్లు ముద్రించి ఉంటోంది.

మొదటి తరగతిలో ముఖ్యమైనది హార్మన్ ఫీనిక్స్ 200. నలుపు తెలుపు ఫిల్ములకు పేరుపడ్డ హార్మన్ ఇంగ్లండులోని మాబర్లీ కర్మాగారంలో తయారుచేసి 2023 డిసెంబరులో విడుదల చేసిన తొలి కలర్ ఫిల్ము ఇది. సాధారణ కలర్ నెగటివ్‌లలో ఉండే నారింజ రంగు ముసుగు ఇందులో లేదు. గింజ (గ్రెయిన్) లావు, కాంట్రాస్ట్ ఎక్కువ, దీపాల చుట్టూ ఎర్రటి వలయం. లోపాలున్నాయని కంపెనీయే ముందుగా చెప్పి అమ్మింది. 2025లో మెరుగుపరచిన ఫీనిక్స్ 2 వచ్చింది. జర్మనీ నుంచి ఓర్వో ఎన్‌సి 500, చైనాలోని బావోడింగ్ నుంచి లక్కీ సి 200 కూడా కలర్ తయారీని విస్తరించే ప్రయత్నాలే. లక్కీ పదేళ్లకు పైగా విరామం తరవాత 2025లో మళ్లీ కలర్ ఫిల్ము అమ్మింది. ఇటలీలోని ఫెరానియా 2014లో ప్రజల నుంచి చందాలు సేకరించి స్లైడు ఫిల్ము ఇస్తామని చెప్పి, 2017లో ఇవ్వగలిగింది నలుపు తెలుపు పి30 మాత్రమే.

రెండో తరగతిలో కొడాక్ ఎక్టాక్రోమ్ ఇ100 ప్రసిద్ధం. 2017 జనవరిలో ప్రకటించి, 2018 సెప్టెంబరులో తెచ్చారు. ఫార్ములా ఉన్నా, అందులోని పదార్థాలు కొన్ని దొరక్కపోవడంతో ఆలస్యమైంది. ఫ్యూజీ నియోపాన్ ఆక్రోస్ 2018లో ఆగి, 2019లో ఆక్రోస్ 2గా తిరిగొచ్చింది. తిరిగి రానివీ ఉన్నాయి: ఫ్యూజీ ప్రో 400హెచ్ తయారీ 2021లో ముగిసింది. అదే ఏడాది వెల్వియా 100 అమ్మకం అమెరికాలో ఆగిపోయింది. అందులోని ఒక రసాయనాన్ని అక్కడి పర్యావరణ సంస్థ నిషేధించింది.

సినిమా ఫిల్ముతో సంబంధం

కొడాక్ ఫోటో ఫిల్ము బతికి ఉండడానికి సినిమా ఒక పెద్ద కారణం. క్రిస్టఫర్ నోలన్, క్వెంటిన్ టరాంటినో వంటి దర్శకుల ఒత్తిడితో హాలీవుడ్ ప్రధాన స్టూడియోలు ఫిల్ము కొనుగోలుకు కొడాక్‌తో కుదుర్చుకున్న ఒప్పందాలను 2015లో ప్రకటించారు. 2023 నాటి ‘ఓపెన్‌హైమర్’ కోసం కొడాక్ ఐమాక్స్ కెమెరాలకు సరిపడే 65 ఎం.ఎం. నలుపు తెలుపు ఫిల్మును ప్రత్యేకంగా తయారు చేసింది.

సినిమా ఫిల్ము వెనక రెమ్‌జెట్ అనే బొగ్గుపొడి పూత ఉండేది. కాంతి పట్టీని దాటి వెనక్కి తుళ్లి రాకుండా, స్థిర విద్యుత్తు మెరుపులు పడకుండా అది కాపాడేది. మామూలు సి-41 ల్యాబు యంత్రంలో పెడితే ఆ పొడి ఊడి ద్రావణాలన్నీ పాడవుతాయి. ఆ పూతను ముందే తొలగించి, సినిమా ఫిల్మును ఫోటోలకు అమ్మడం సినెస్టిల్ సంస్థ చేపట్టింది. రాత్రి ఫోటోల్లో వీధి దీపాల చుట్టూ కనిపించే ఎర్రటి వలయాలు ఆ పూత లేకపోవడం వల్ల వచ్చేవే; లోపంగా పుట్టి ఒక శైలిగా స్థిరపడ్డాయి. 2025లో కొడాక్ రెమ్‌జెట్‌కు బదులు పొరల అడుగునే కాంతిని పీల్చే పూత ఉన్న సినిమా ఫిల్ముకు మారింది. దీంతో ఆ వలయాల ఆయువు తగ్గిపోయింది.

కొత్త కెమెరాలు

క్యానన్ ఫిల్ము కెమెరాలను 2018లో, నికాన్ తన ఎఫ్6ను 2020లో ఆపేశాక పెద్ద జపాన్ కంపెనీల ఫిల్ము కెమెరాల శకం ముగిసినట్లే అనిపించింది. 2022 అక్టోబరులో లైకా 1984 నాటి ఎం6ను మళ్లీ ఉత్పత్తిలోకి తెచ్చింది. అది సంపన్నుల కెమెరా. మార్కెట్‌కు దానికన్నా ముఖ్యమైన సంఘటన 2024 జూన్‌లో రికో కంపెనీ విడుదల చేసిన పెంటాక్స్ 17.

రికో ఈ ప్రాజెక్టును 2022 డిసెంబరులోనే బహిరంగంగా ప్రకటించింది. ఇంజనీర్లకు ఎదురైన చిక్కు కటకాలూ ఎలక్ట్రానిక్సూ కాదు, ఫిల్మును ముందుకు నడిపే చేతి మీట. వేలితో తిప్పితే పళ్ల చక్రాలు ఫిల్మును ఒక ఫ్రేము మేరకు సరిగ్గా జరిపి, షట్టర్‌ను బిగించి ఆగాలి. ఆ పని తెలిసిన వాళ్లు కంపెనీలో దాదాపు మిగల్లేదు. పదవీ విరమణ చేసిన ఇంజనీర్లను పిలిపించి, పాత డ్రాయింగులు తీయించి నేర్చుకున్నారు. 17×24 మిల్లీమీటర్ల నిలువు ఫ్రేముతో, దూరాన్ని చేత్తో గుర్తుల మీద పెట్టే పద్ధతితో ఇది తయారైంది. నిలువు ఫ్రేము ఫోను తెరకు సరిపోతుందని, ఒక రోలులో 72 ఫోటోలు వస్తే ఫిల్ము ఖర్చు సగమవుతుందని కంపెనీ వాదన. విడుదలైనప్పుడు అమెరికాలో దీని ధర దాదాపు 500 డాలర్లు.

హాంకాంగ్‌కు చెందిన మింట్ 2024లో లేజర్‌తో దూరం కొలిచే రోలై 35ఎఎఫ్‌ను, లోమోగ్రఫీ 2025లో ఆటోఫోకస్ గల ఎంసి-ఎను తెచ్చాయి. మరో వైపు ప్లాస్టిక్ కటకంతో చవకగా దొరికే కొడాక్ ఎక్టార్ హెచ్35 వంటివి సంఖ్యలో అన్నిటినీ మించాయి. ఆ కెమెరాను చేసింది కొడాక్ కాదు. పేరు అద్దెకు తీసుకున్న రెటో అనే సంస్థ.

ఇన్‌స్టంట్ ఫిల్ము

పోలరాయిడ్ మూసివేసిన నెదర్లాండ్స్‌లోని ఎన్‌స్కెడే కర్మాగారంలో యంత్రాలను 2008లో ఇంపాజిబుల్ ప్రాజెక్ట్ అనే బృందం దక్కించుకుంది. యంత్రాలు దొరికాయిగాని, వాటిలో వేయాల్సిన రసాయనాల తయారీదారులు అప్పటికే మాయమయ్యారు. కొత్త ఫార్ములా కనిపెట్టాల్సి వచ్చింది. 2010లో వచ్చిన మొదటి ఫిల్ముల్లో రంగులు నిలకడగా ఉండేవి కావు. ఆ సంస్థే క్రమంగా ఎదిగి పోలరాయిడ్ పేరును కూడా సొంతం చేసుకుంది. వ్యాపారపరంగా మాత్రం ఈ రంగంలో ముందున్నది 1998లో మొదలైన ఫ్యూజీ ఇన్‌స్టాక్స్.

ల్యాబు, స్కానింగ్

నేటి ఫిల్ము ఫోటోగ్రాఫర్‌కు చేరేది ఎక్కువగా కాగితం ప్రింటు కాదు, స్కాన్ చేసిన డిజిటల్ ఫైలు. ల్యాబుల్లో వాడే నోరిత్సు, ఫ్యూజీ ఫ్రాంటియర్ స్కానర్లలో చాలావరకు రెండు దశాబ్దాల నాటివి. విడిభాగాలు పాత యంత్రాల నుంచి ఊడదీసుకోవాలి. అందువల్ల డిజిటల్ కెమెరాకు మాక్రో కటకం బిగించి, వెనక తెల్లటి దీపంతో నెగటివ్‌ను ఫోటో తీసే పద్ధతి వ్యాపించింది. ల్యాబుల్లో వాడేసిన హైపోలో కరిగిన వెండిని విద్యుద్విశ్లేషణతో తిరిగి రాబడతారు. పర్యావరణ నియమాల దృష్ట్యానూ, వెండి ధర దృష్ట్యానూ అది వదులుకునేది కాదు.

భారతదేశంలో, తెలుగు ప్రాంతాల్లో

ఫిల్ము పూర్వరూపమైన గాజు నెగటివ్‌ల కాలంలో హైదరాబాదు దేశంలోని ప్రధాన కేంద్రాల్లో ఒకటి. ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ సికిందరాబాదులో స్టూడియో నడిపారు. ఆయన గాజు నెగటివ్‌లు 2,800కు పైగా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. దేశంలో ఫిల్ము తయారీ కోసం ప్రభుత్వం 1960లో ఊటీలో హిందుస్తాన్ ఫోటో ఫిల్మ్స్ స్థాపించింది. 1967లో ఉత్పత్తి మొదలుపెట్టి ఇందు పేరుతో నలుపు తెలుపు ఫిల్ములను, ఎక్స్‌రే ఫిల్ములను అమ్మింది. 1990లలో ఖాయిలా పడి, అనంతరం మూతపడింది. నేడు దేశంలో అమ్ముడయ్యే ఫోటో ఫిల్మంతా దిగుమతే. సుంకాలు, రవాణా కలిసి ధర పెరుగుతుంది. అందుకే సినిమా ఫిల్మును టోకున కొని చిన్న డబ్బాల్లోకి చుట్టి అమ్మే వ్యాపారం ఇక్కడ నడుస్తోంది.

చిన్న పట్టణాల్లోని స్టూడియోల్లో పెద్ద నెగటివ్‌ల మీద పెన్సిలుతో ముఖం మీది మచ్చలను సరిదిద్దే పనివారు 1980ల వరకూ ఉండేవారు. కలర్ వచ్చాక రీళ్లు నగరాల్లోని కలర్ ల్యాబులకు వెళ్లి రావడం మొదలై ఆ పని తగ్గింది. చలనచిత్రాల వైపు, తెలుగువాడైన ఎల్.వి. ప్రసాద్ చెన్నైలో నెలకొల్పిన ప్రసాద్ ల్యాబ్స్ దశాబ్దాలపాటు దక్షిణాది సినిమాలకు నెగటివ్ కడిగింది. డిజిటల్ వచ్చాక ఆ సంస్థ పాత ఫిల్ముల స్కానింగ్, పునరుద్ధరణ వైపు మళ్లింది.

నిల్వ, రవాణా

కడగని ఫిల్ముకు వేడి, తేమ, ఎక్స్‌రేలు శత్రువులు. విమానాశ్రయాల్లో కొత్తగా వచ్చిన సి.టి. స్కానర్లు పాత ఎక్స్‌రే యంత్రాలకన్నా ఎక్కువ మోతాదు వాడతాయి. ఒక్కసారి వెళ్లినా ఫిల్ముపై పొగమబ్బులాంటి మసక పడవచ్చు. చెక్ఇన్ చేసే పెట్టెలకు వాడే యంత్రాలూ ప్రమాదకరమే. చేత్తో తనిఖీ చేయమని అడగడం ఒక్కటే మార్గం. కొన్న ఫిల్మును ఫ్రిజ్‌లో పెట్టేవారు, వాడేముందు డబ్బాను తెరవకుండా రెండు మూడు గంటలు గది వేడికి రానివ్వాలి. లేకపోతే లోపల చెమ్మ పట్టి మచ్చలు పడతాయి. కడిగిన అసిటేట్ నెగటివ్‌లు వేడి ప్రాంతాల్లో క్రమంగా విచ్ఛిన్నమై పుల్లటి వాసన వెదజల్లుతూ ముడుచుకుపోతాయి. ఆ ప్రక్రియ ఒక డబ్బాలో మొదలైతే, వెలువడే ఆమ్లపు ఆవిరి పక్కనున్న వాటిలోనూ దాన్ని వేగవంతం చేస్తుంది. వాసన వచ్చే డబ్బాను వెంటనే వేరుచేసి, గాలి ఆడేచోట ఉంచి, ముందుగా దాన్నే స్కాన్ చేయాలి.